తల్లి అన్నము – బిడ్డ ఆయువు

మనము వ్యాపారస్థులము. దీపావళినాడు పాత ఖాతా మూసి కొత్త పుస్తకము తెరచుట మనకు అలవాటు. కొట్టులో నిలువ సరుకెంత, రావలసిన బాకీ ఎంత అని ఎవరడిగినను వెంటనే చెప్పగలము. కాని ఇంటిలో ఆడవారి రక్తమెంత, కడుపుతోనున్న కోడలు పూటకు తినునదెంత అని అడిగినచో మనలో చాలమందికి జవాబు తెలియదు. ఆరోగ్యపు లెక్క మన ఇండ్లలో సాధారణముగా ఏబదవ ఏట, వైద్యుడు "షుగరున్నది" అని చీటీ వ్రాసిన దినమున ప్రారంభమగును.

ఇది వ్రాయుచున్న నేను వైద్యుడను కాను. హైస్కూలు చదువు ముగించి కొట్టులో కూర్చున్నవాడను. అత్తిముగము, శూలగిరి, హోసూరు ప్రాంతములలో మన వారి ఇండ్లకు పోయినప్పుడెల్ల ఒక ప్రశ్న వినుచుందును: "మాంసము ముట్టము, మద్యము ముట్టము. అయినను మనకీ షుగరు, ఈ గుండెజబ్బు ఏల వచ్చుచున్నవి?" కూర్చుని చేయు పని, నూనె, తీపి, నడక లేకపోవుట అను కారణములు అందరికి తెలిసినవే. అంతకన్న ముందటి కారణమొకటి కలదని మన చుట్టుప్రక్కల ఊళ్లలోనే జరిగిన పరిశోధనలు చెప్పుచున్నవి. వైద్యులనడిగి నేను తెలిసికొన్నంతవరకు దానిని మన కుటుంబములకు విన్నవించుకొందును.

మైసూరు పురుళ్ల పుస్తకము

మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రి అను మిషన్ ఆస్పత్రి కలదు. అచ్చటి మంత్రసానులు 1934 నుండి పుట్టిన ప్రతి శిశువు బరువు, పొడవు, తల చుట్టుకొలత పుస్తకములో వ్రాసి దాచిరి. అది ఎవరికి పనికివచ్చునో ఆనాడు వారికి తెలియదు. 1990 తరువాత ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు, మైసూరు వైద్యులు కలిసి ఆ పుస్తకములు తెరచి, అందులోని శిశువులు పెద్దవారై ఎచ్చట కాపురముండిరో ఇల్లిల్లు తిరిగి వెదకిరి. 1934 – 1954 మధ్య పుట్టిన 517 మంది స్త్రీ పురుషులను పరీక్షించి, 1996లో ఫలితము ప్రకటించిరి.

వారిలో, పుట్టినప్పుడు రెండున్నర కిలోలు లేక అంతకన్న తక్కువ తూగినవారికి నూటికి 11 మందికి గుండెజబ్బు కనబడినది. 3.1 కిలోలు లేక అంతకన్న ఎక్కువ తూగినవారిలో నూటికి ముగ్గురికే కనబడినది. గర్భములో చాలినంత పోషణ అందని శిశువు ఉన్న కొద్దిపాటితో ముందు మెదడును కాపాడుకొనుననియు, తక్కిన అవయవములకు ఆ లోటు మిగిలిపోవుననియు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పుట్టిననాటి లోటు ఏబదియేండ్ల తరువాత వడ్డీతో కనబడినదన్నమాట.

దీనిని విని కడుపుతోనున్నవారికి నెయ్యి, మిఠాయి కుక్కి పెట్టవలెనని ఎవరును అనుకొనరాదు. అదే మైసూరు పుస్తకములనుబట్టి 1998లో తెలిసిన రెండవ సంగతి: పొడవు తక్కువై, దానికి మించిన బరువుతో పుట్టినవారికి, అధికబరువుగల తల్లులకు పుట్టినవారికి మధుమేహము ఎక్కువగా వచ్చినది. కావున వలసినది అధికాన్నము కాదు, సరియైన అన్నము. చిన్నబిడ్డగా పుట్టినవారందరికి జబ్బు తప్పదని కూడ దీని అర్థము కాదు. వారు తక్కినవారికన్న ముందుగా మెలకువ వహించవలెనని మాత్రమే.

హైదరాబాదు ప్రక్క పల్లెలు

అన్నము మార్చిన ఫలితము మారునా? దీనికి జవాబు తెలుగుదేశములోనే దొరకినది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు ఆ నగరమునకు దాపున 29 పల్లెలను తీసికొనిరి. 1987 – 1990 మధ్య 15 పల్లెలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము మొక్కజొన్న, సోయాచిక్కుడు కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టిరి. తక్కిన 14 పల్లెలలో ఆ ఏర్పాటు అప్పటికింకను రాలేదు. తల్లికి అందులో దినమునకు సుమారు 600 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందినవి.

ఆ పిల్లలు 13 – 18 ఏండ్లవారైనప్పుడు 1,165 మందిని పరీక్షించి 2008లో వ్రాసిరి. ఉప్మా తినిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగుగా నుండిరి. వారి రక్తనాళములు మరింత మెత్తగా నుండెను. చక్కెరను అదుపుచేయు ఇన్సులిను వారి శరీరములో మరింత చక్కగా పనిచేయుచుండెను. రాజవైద్యము కాదు, ఖరీదైన మందు కాదు. వేళకు పెట్టిన ఒక పళ్లెము ఉప్మా.

ఆకులోని ఆమ్లము, అందులో మనవాడు

1928 మొదలు లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చుచుండిన ఒక విధమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్టునుండి తీసిన పదార్థముతో అది కుదురునని కనిపెట్టెను. అందులోని ముఖ్యవస్తువును తరువాత పాలకూర ఆకులనుండి తీసిరి. ఆకును తెలుపు లాటిన్ మాటనుబట్టి 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అది 1945 నాటి మాట. సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో చనిపోయెను; ఆయనకును ఆ వ్యాధి సోకి బ్రదికి బయటపడెను. నేడు ప్రతి గర్భిణికి ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఆ ఫోలిక్ ఆమ్లమే.

వేలూరు పసికందులు

ఆకుకూరలలో, పప్పులలో ఫోలిక్ ఆమ్లము దొరకును. దానికి జోడుగా పనిచేయు బి-12 అను విటమిను మాత్రము ఏ ఆకులోను, ఏ పప్పులోను లేదు. దానిని తయారుచేయునవి సూక్ష్మజీవులు. శాకాహారులకు అది పాలు, పెరుగు, మజ్జిగ, పన్నీరుల మూలముగానే అందవలెను. 1948లో అమెరికా, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసిరి.

దాని లోటు ఏమిచేయునో మనకు దాపుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1962లో ప్రకటించిరి. వారు చూచిన ఆరుగురు పసికందులు తల్లిపాలమీదనే పెరుగుచుండిరి. నవ్వు మానిరి, కూర్చుండుట మరచిరి, చర్మము నల్లబారెను, చేతులు వణకెను. తల్లులు శాకాహారులు, వారి రక్తములో బి-12 లేదు, కావున పాలలోను లేదు. బి-12 ఇచ్చినంతనే పిల్లలు కోలుకొనిరి. తల్లి చూచుటకు బాగుగనే యుండవచ్చును. లోటు ముందు బిడ్డలో బయటపడును.

పూనాలో కె.ఇ.యం. ఆస్పత్రికి చెందిన యాజ్ఞిక్‌గారి బృందము 1993 నుండి ఆరు పల్లెల గర్భిణులను పరిశీలించినది. వారిలో మూడింట రెండువంతుల మందికి బి-12 తక్కువ. తల్లికి ఫోలిక్ ఆమ్లము ఎక్కువగా ఉండి, బి-12 తక్కువైనచోట, బిడ్డకు ఆరేండ్లు వచ్చునప్పటికే ఇన్సులిను సరిగా పనిచేయకుండుట ఎక్కువగా కనబడినది. ఈ సంగతి 2008లో వెలువడినది. దీనిని చూచి ఫోలిక్ మాత్ర మానరాదు. అది శిశువు వెన్నెముకకు, తల్లి రక్తమునకు అత్యవసరము. దాని జోడును కూడ చూచుకొనవలెను. మైసూరులోనే 1997 – 98లో చేర్చుకొన్న గర్భిణులలో నూటికి 43 మందికి బి-12 లోటు. ఆ లోటున్నవారిలో నూటికి 8.7 మందికి గర్భకాలపు మధుమేహము రాగా, లేనివారిలో 4.6 మందికే వచ్చినది.

మా ఇంటి సంగతి

ఇది చదువుకొన్న సంగతి మాత్రమే అయినచో నేను కలము పట్టియుండను. మా పెద్దకోడలు రెండవమారు గర్భవతియైనప్పుడు ఆయాసము, అరికాళ్ల తిమ్మిరి అని చెప్పెను. ఇనుపమాత్రలు మింగుచునే యున్నది గదా అని మేము ఊరకుంటిమి. ఏడవ నెలలో వైద్యురాలు బి-12 పరీక్ష చేయించగా మిక్కిలి తక్కువగా నుండెను. "ఇంట పాలు లేవా?" అని ఆమె నన్నే అడిగినది. మాకు రెండావులు కలవు. ఆ ప్రశ్నకు నాకు తల ఎత్తుకొన వీలుకాలేదు.

ఇంటికి వచ్చి విచారించగా సంగతి తెలిసినది. ప్రొద్దుటి పాలు పిల్లలకు, కాఫీలకు పోవును. పెరుగు మగవారి విస్తళ్లకు పోవును. అందరు లేచిన పిమ్మట మిగిలిన పలుచని మజ్జిగ కోడలికి. మా అమ్మగారు అట్లే తినిరి, నా భార్య అట్లే తినినది. దానిని మేము మర్యాద అనుకొంటిమి. కోడలికి సూదిమందు, మాత్రలు ఇచ్చిరి. బిడ్డ క్షేమముగా పుట్టినది. అప్పుడు నా కాళ్ల తిమ్మిరికి కూడ పరీక్ష చేయించుకొంటిని. నేను పదేండ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ మింగుచున్నాను. ఆ మాత్ర చాలకాలము వాడినవారికి బి-12 తగ్గునని అప్పుడే వింటిని. నాకును లోటే. షుగరు తిమ్మిరి అని నేను సరిపెట్టుకొన్నది కొంత ఈ లోటు వలన కలిగినదే.

మన వంటయిల్లు

పెద్దవారికి దినమునకు వలసిన బి-12 సుమారు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. నూరు మిల్లీలీటర్ల ఆవుపాలలో అరమైక్రోగ్రాముకు కొంచెము తక్కువగా నుండును. ఎక్కువసేపు మరగించిన కొంత నశించును. కావున పాలు, పెరుగు కలిపి దినమునకు అరలీటరు గర్భిణి పళ్లెమునకు చేరవలెను. నీళ్ల మజ్జిగను ఈ లెక్కలో వేయరాదు. ఇడ్లీ పిండి పులియుటవలన సరిపడ బి-12 వచ్చునని నమ్మరాదు.

లోటు ఇదివరకే ఉన్నవారికి పాలు మాత్రమే చాలవు. వైద్యుడు చెప్పిన మాత్ర వలయును. ఆ మాత్రలోని బి-12ను సూక్ష్మజీవులను పెంచి తీయుదురు, జంతుమాంసమునుండి కాదు. గొట్టపు మందులు కొన్నిటిపై జిలాటిన్ పొర యుండును. అది జంతువుల ఎముకలు, చర్మమునుండి చేసినది. కావున బిళ్ల రూపముననున్నది అడిగి తీసికొనవచ్చును.

తిథులలోను చాతుర్మాస్యములోను ఆకుకూరలు విడుచు ఇండ్లలో పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు పెంచవలెను. మన ప్రాంతపు రాగిముద్దలో సున్నపుధాతువు పుష్కలముగా నున్నది. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు ఇంట గర్భిణికి పగలే నాలుగైదుమారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. గర్భిణియు, పాలిచ్చు తల్లియు ఉపవాసము తలపెట్టునప్పుడు గురువులను, వైద్యుని ముందుగా అడుగవలెను. అహింస కడుపులోని ప్రాణికి కూడ వర్తించును గదా.

వాకిటికి వచ్చిన వైద్యము

షుగరు, రక్తపుపోటు పరీక్షించి మందులు ఇంటికే తెచ్చియిచ్చు "మక్కళై తేడి మరుత్తువం" అను తమిళనాడు ప్రభుత్వ పథకము 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభమైనది. "అది పేదలకు, మనకెందుకు" అని పరీక్షకు వచ్చిన మహిళను వాకిటినుండియే పంపివేయువారు మనలో కలరు. అది పొరపాటు. రక్తపుపోటు ఆస్తి చూచి రాదు.

చేయవలసినవి

1. గర్భము తెలిసిన నెలలోనే రక్తము, చక్కెర, రక్తపుపోటు పరీక్షలు చేయించవలెను. శాకాహారులు బి-12 పరీక్షనుగూర్చి వైద్యుని అడుగవలెను. గర్భిణికి హిమోగ్లోబిను 11కు తగ్గిన రక్తహీనతయే.

2. చక్కెర పరీక్ష 24 – 28 వారముల మధ్య మరల చేయించవలెను. గర్భకాలములో చక్కెర వచ్చినవారు కాన్పు తరువాత తగ్గినదని మరువక, ఏటేట పరీక్షించుకొనవలెను.

3. ఇనుము, ఫోలిక్ మాత్రలు తప్పక మింగవలెను. కాఫీ, టీలతో కలిపి మింగరాదు.

4. మెట్‌ఫార్మిన్ చాలకాలము వాడువారు బి-12 చూపించుకొనవలెను. తమంతట తాము మందు మానరాదు.

5. బిడ్డ పుట్టినప్పటి బరువు, తల్లి రక్తపు లెక్క, ఇంటిలో ఎవరికి ఏ వయస్సున ఏ జబ్బు వచ్చినది ఒక పుస్తకములో వ్రాసి దాచవలెను. మైసూరు మంత్రసానులు చేసిన పని మన ఇంటిలో మనము చేయలేమా?

6. కడుపుతోనున్న ఆడకూతురు, కోడలు ఎవరైనను, ఇంట అందరికన్న ముందు తినవలెను.

ఈ ఆరింటిలో చివరిదానికి పైసా ఖర్చు లేదు. మా ఇంట మాత్రము అదియే అన్నిటికన్న ఆలస్యముగా అమలుకు వచ్చినది. ఇప్పుడు మా పెద్దకోడలు నా పంక్తిలోనే కూర్చుండి భోజనము చేయుచున్నది. మొదటి దినము ఆమెకు మొగమాటము, నాకును మొగమాటము. మూడవ దినమునకు ఇద్దరికిని అలవాటైనది.