పొయ్యి ఎక్కని వంటకు ఏ పుస్తకం కొనాలి?

పచ్చి ఆహారం మొదలుపెడదామని తీర్మానించుకున్న మనిషి ముందుగా చేసే పని పుస్తకం కొనడం. నేనూ అదే చేశాను. రంగురంగుల బొమ్మలున్న లావుపాటి విదేశీ పుస్తకం. మొదటి వంటకే ఆవకాడో, కేల్ ఆకు, మేపుల్ సిరప్ కావాలన్నారు. రెండో వంటను ప్రత్యేకమైన యంత్రంలో 12 గంటలు ఆరబెట్టాలట. ఆ సరుకులు చీటీ మీద రాసుకుని తిరుపతి రైతుబజారుకు వెళ్లాను. ఆకుకూరల అవ్వ చీటీలోని పేర్లు ఓపిగ్గా విని, "ఆ ఆకులు మా కాడ లేవు నాయనా, లేత కీరకాయలుండాయి చూడు" అని ఒకటి విరిచి చేతిలో పెట్టింది. నిలబడే తిన్నాను. ఆ కీరకాయతో ఏం చేయాలో నా పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేదు.

అందుకే పుస్తకం కొనేముందు ఒక పని చేయండి. మధ్యలో ఎక్కడైనా తెరిచి, వరసగా ఐదు వంటలు చదవండి. అందులో నాలుగింటికి కావలసిన సరుకు మీ వీధి చివర దొరకాలి. మన చిత్తూరు సీమకు ఇదేం కష్టమైన షరతు కాదు. చెనిక్కాయలు, కొబ్బరి, పెసలు, అలసందలు, బెల్లం, నిమ్మకాయలు, మదనపల్లె టమాటాలు, ఎండాకాలంలో మామిడి, చలికాలం ముందు సీతాఫలం, ఆపైన ఉసిరి. ఇన్ని పెట్టుకుని కేల్ ఆకు కోసం చెన్నై దాకా వెతకాల్సిన పనేముంది? సరుకు దొరకని పుస్తకం మీ ఉత్సాహాన్ని వారంలో చల్లారుస్తుంది. ఆ తరువాత "నాకు పట్టుదల లేదు" అని మిమ్మల్ని మీరు నిందించుకుంటారు. లోపం పుస్తకం ఎంపికలో ఉంటే పట్టుదలను తిట్టుకోవడం అన్యాయం.

రెండోది, కొలతలు. "కొన్ని మొలకలు, కాస్త తేనె" అని రాసే పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలు నానాలి, ఎంతసేపు నిలవ ఉంటుంది, ఈ మూడూ చెప్పాలి. దీనికి మన తెలుగునాట జరిగిన కథే ఒకటుంది. 1929లో గాంధీజీ ఆంధ్ర పర్యటనలో ఉండగా రాజమండ్రిలో ప్రకృతి వైద్యాలయం నడిపే సుందరం గోపాలరావుగారిని కలిశారు. రోగం వదలాలంటే వంటలో నిప్పునే మానాలన్నది ఆయన వాదం. గాంధీజీ ఆ మే నెలలోనే ప్రయోగం మొదలుపెట్టి, జూన్‌లో తన 'యంగ్ ఇండియా'లో రోజుకు ఏమేం తింటున్నదీ లెక్కగా రాశారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదం 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. తులం సుమారు 11.7 గ్రాములు కాబట్టి, 8 తులాలంటే 93 గ్రాముల పైచిలుకు. ఇది చదివిన ఎవరైనా రేపు పొద్దున్నే అలాగే చేసుకోగలరు. వంట రాయడమంటే ఇలా ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ఆ తిండి ఆయన ఒంటికి సరిపడలేదు. ఆగస్టు నాటికి ప్రయోగం ఆపి మేకపాలకు తిరిగి వచ్చారు, ఆ సంగతీ దాచకుండా అదే పత్రికలో రాశారు. మీరు కొనే పుస్తకానికి మూడో పరీక్ష ఇదే. ఎవరికి పడదో, ఏది పచ్చిగా తినకూడదో అందులో రాసి ఉందా? రాజ్మా గింజలు నానబెట్టినా, మొలకెత్తించినా పచ్చిగా తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వాటిని బాగా ఉడకబెట్టి తీరాలి. కంద పచ్చిగా తింటే గొంతు దురద. బూజు వాసన కొట్టే చెనిక్కాయల్లో విషం ఉండవచ్చు, మొహమాటపడకుండా పారేయాలి. మొలకలు పెరిగే వెచ్చదనం, తేమ సూక్ష్మజీవులకూ ఇష్టమే. మన ఎండలకు గుడ్డలో కట్టిన పెసలు పూటలోనే జిగురెక్కుతాయి. రోజుకు రెండుమూడు సార్లు కడగాలి, మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు మొలకలను ఆవిరి మీద ఉడికించి పెట్టడమే క్షేమం. టమాటాలోని ఎరుపు పదార్థం ఉడికిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. ఉడికితే విటమిన్ 'సి' తగ్గుతుంది. రెండూ నిజాలే. రెండూ చెప్పే పుస్తకాన్ని నమ్మండి. "సర్వరోగ నివారిణి" అని అట్టమీద అచ్చువేసిన దాన్ని తీసిన చోటే పెట్టేయండి.

నమ్మదగిన పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ముందు గ్రంథాలయం. చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం కావచ్చు, మీ ఊళ్లోని శాఖ కావచ్చు. పుస్తకాలకు అంకెలిచ్చి వరసపెట్టే డ్యూయీ పద్ధతిలో సర్దినచోట 641.5 దగ్గర వంటల పుస్తకాలు, 615.5 దగ్గర ప్రకృతి వైద్యం ఉంటాయి. రెండు అరలూ చూడండి, ఎందుకంటే తెలుగులో పచ్చి ఆహారం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది వంటవాళ్లు కారు, ప్రకృతి వైద్యులు. ఈ సంప్రదాయం పాతది. జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు. మన కాలంలో మంతెన సత్యనారాయణరాజుగారి పుస్తకాలు ఇంటింటికీ చేరాయి. మొలకలకు, రసాలకు అవి మంచి ఆరంభం. అయితే ఆయన ఉప్పు, నూనె కూడా మానమంటారు. నా సలహా వేరు. ఉప్పు మానడం ఒక పని, పచ్చిది తినడం ఇంకో పని. రెండు బరువులూ ఒకే రోజు నెత్తికెత్తుకోకండి. ముందు ఒకటి అలవాటు కానివ్వండి. లెక్కలు కావాలంటే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు ఉన్నాయి. ఏ కాయలో ఏముందో అందులో చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి. పొయ్యి వెలిగించకుండా చేసే వంటలు పండగ పేరుతో మన చేతికి ఎప్పుడో వచ్చాయి. వాటిని రాసిపెట్టుకున్నవాళ్లే తక్కువ.

వడపప్పు మీద నాలుగు అడుగులు ముందుకేస్తే కోసంబరి. పెసరపప్పు ఒక చిన్న గిన్నెడు, రెండు గంటలు నానాలి. గింజను గోటితో నొక్కితే తేలిగ్గా విరగాలి, పిండి కాకూడదు. నీళ్లు పూర్తిగా వంచి జల్లెడలో పది నిమిషాలు వదిలేయండి. సన్నగా తరిగిన కీరకాయ ఒకటి, పచ్చి మామిడి తురుము రెండు చెంచాలు, కొబ్బరి గుప్పెడు, పచ్చిమిరపకాయ ఒకటి, కొత్తిమీర. అన్నీ కలిపి, తినబోయే ముందు మాత్రమే ఉప్పు చల్లండి. ముందే వేస్తే కీరకాయ నీళ్లూరి, పప్పు చెమ్మగిల్లి, కరకర పోతుంది. మా ఇంట్లో మొదటిసారి నేను ముందే వేశాను. అమ్మ గిన్నె వంచి అడుగున చేరిన నీళ్లు చూపించి, "ఉప్పు ఎప్పుడేసినావు?" అని ఒక్క మాట అడిగింది. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

పుస్తకం ఇంటికి వచ్చాక, వారానికి ఒక్క వంట. పది వంటలు ఒకేసారి కాదు. అదే వంటను వారంలో మూడుసార్లు చేయండి. మొదటిసారి పుస్తకం చెప్పినట్టు, రెండోసారి మీ నాలుక చెప్పినట్టు, మూడోసారి పుస్తకం మూసేసి. పక్కన పెన్సిల్ ఉండాలి. మార్చిన ప్రతిదీ ఆ పేజీ అంచున రాయండి. ఏడాదికి యాభై వంటలు అవసరం లేదు, పన్నెండు చేతికొస్తే చాలు.

కోసంబరి పేజీ అంచున నా రాతలు ఇప్పుడు ఇలా ఉన్నాయి. "ఉప్పు చివర్లో." "మామిడి లేని కాలంలో ఉసిరి, సగం కొలత." "అలసంద మొలకలతో చేస్తే ఆవిరి మీద 5 నిమిషాలు." దాని కింద అమ్మ చేతిరాత: "ఇంగువ అక్కర్లేదు."