పింగాణీ పలకలపై తెల్లని పొర – ఓర్పుతో తొలగించే విధానం

రేగొండ వంటి మన ఊళ్ళలో బోరు నీటితో నిత్యం తడిసే వాకిటి కుళాయి గోడపైన, వుజూ చేసే చోటను, పింగాణీ పలకలకు క్రమంగా తెల్లని గరుకు పొర పడుతుంది. ఇది మురికి కాదు. నేలలోని సున్నపు లవణాలను కరిగించుకొన్న నీరు ఆరిపోగా, బొగ్గుపులుసు వాయువు వెడలి, కాల్షియం కార్బొనేటు మిగులుతుంది.

మేమును ఒకమారు తొందరపడి దీనిపై ఘాటైన యాసిడ్ పోశాము. పొర పోయింది, దానితోపాటే పలకల సందులలోని సిమెంటూ పోయింది. ఇనుప పీచుతో రుద్దినా నునుపు చెడి, గీతలలో పొర మరింత గట్టిగా పట్టుకొంటుంది.

మేలైన మార్గమిది. ముందు పలకలను, సందులను నీటితో తడపాలి. ఒక పాలు సిర్కాకు మూడు పాళ్ళ నీరు కలిపి, అందులో ముంచిన గుడ్డను పది నిమిషాలు పొరపై పరచాలి. సన్నని బుడగలు లేచి పొర మెత్తబడుతుంది. మెత్తని కుంచెతో రుద్ది, బాగుగా కడిగి, పొడిగా తుడవాలి. ఇంకను మిగిలితే మరల చేయాలి. సిర్కాలో బ్లీచింగు పౌడరు ఎన్నడూ కలపరాదు; విషవాయువు పుడుతుంది.

అయితే పాత కట్టడాలకు ఈ పద్ధతి చెల్లదు. హైదరాబాదులోని బాద్షాహీ ఆషూర్‌ఖానాలో కుతుబ్‌షాహీల నాటి రంగుల పలకలు 1908 మూసీ వరదలో దెబ్బతిన్నాయి. నీరు పీల్చిన గోడలలో లవణాలు లోపలినుండే పైకి వస్తాయి. సున్నపు అతుకును సిర్కా సైతం కరిగిస్తుంది. అట్టి పనిని నిపుణులకే విడవాలి. మన ఇంటి పలక పగిలితే బజారులో మరొకటి దొరుకుతుంది. ఆ పలకకు మారు దొరకదు.