రిఫరీ గారూ, ఒక్క మాట! (ప్రశ్నలు – జవాబులు)

సెలవుల ఫుట్‌బాల్ టోర్నమెంట్లు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో సగం బూట్లు, దారాలు, ఉంగరాల గురించే. మిగతా సగం తిట్ల గురించి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. రిఫరీ పరీక్షకు వెళ్లాలనుంది. రోజూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరిగెడుతున్నాను. సరిపోతుందా సార్?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: అయిదు కిలోమీటర్లు మంచిదే తమ్ముడూ. కాకపోతే మ్యాచ్‌లో ఎవరూ అలా ఒకే వేగంతో పరిగెత్తరు. నడుస్తాం, ఆగుతాం, వెనక్కి వెనక్కి అడుగులేస్తాం, ఉన్నట్టుండి ఒక లాంగ్ పాస్ పడగానే ప్రాణం పెట్టి ఉరుకుతాం. పెద్ద స్థాయి మ్యాచ్‌లో రిఫరీ పది, పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడంటే అదంతా ఇలా ముక్కలు ముక్కలుగా తిరిగిందే.

ఫిఫా పరీక్ష కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మొదటి భాగంలో 40 మీటర్ల స్ప్రింట్ ఆరుసార్లు. అంతర్జాతీయ స్థాయి పురుష రిఫరీ ఒక్కోదాన్ని 6 సెకన్లలో ముగించాలి, మధ్యలో నిమిషం విరామం. రెండో భాగంలో 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, తర్వాత 25 మీటర్లు 18 సెకన్లలో నడక. ఇలా 40 సార్లు, అంటే ట్రాక్ మీద పది రౌండ్లు, మొత్తం 4 కిలోమీటర్లు. కాగితం మీద తేలిగ్గానే కనిపిస్తుంది. ఏడో రౌండులో ఆ పద్దెనిమిది సెకన్ల నడక ఎంత చిన్నదో తెలిసొస్తుంది. జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో ఇంతకన్నా సడలింపు ఉంటుంది. మీ దగ్గర ఎంత అడుగుతున్నారో జిల్లా సంఘాన్ని అడిగి తెలుసుకోండి.

కాబట్టి వారంలో రెండు రోజులు ఆ అయిదు కిలోమీటర్లు మానేసి, పరుగు–నడక కలిపి చేయండి. ఇంకో రోజు పూర్తిగా స్ప్రింట్లకే. వెనక్కి పరిగెత్తడం, పక్కకు పరిగెత్తడం విడిగా సాధన చేయాలి. ఆటగాళ్లు వీటిని పట్టించుకోరు. రిఫరీకి తొలి ఏడాది పిక్కలు పట్టేసేది అక్కడే. మీ అనంతపురం ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం మ్యాచ్‌ల్లో నిమిషం మించకుండా డ్రింక్స్ బ్రేక్, ఎండ మరీ ముదిరితే తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా కూలింగ్ బ్రేక్ ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. అయితే టోర్నమెంట్ రూల్సులో ముందే రాయించుకోవాలి. అప్పటికప్పుడు ఇస్తే ఓడిపోతున్న జట్టు కోసమే ఇచ్చారంటారు.

ఇంత పరుగు దేనికంటారా? నలభై గజాల దూరం నుంచి విజిలేసి పెనాల్టీ ఇస్తే, అది నూటికి నూరుపాళ్లు సరైనదైనా పదకొండు మందీ మీద పడతారు. పది గజాల దూరంలో నిలబడి ఇస్తే గొణుక్కుంటూ పోతారు. దగ్గరుండి చూసినవాడి మాటకు విలువ ఎక్కువ.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా పిల్లల చేతులకు కాశీ దారాలు, తాయెత్తులు, కడియాలు ఉంటాయి. తీయమంటే ఇంట్లో ఊరుకోరు. మొన్న ఒక పిల్లవాడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాల తీయనన్నాడు, బూట్లు వేసుకోనన్నాడు. రిఫరీ ఆడనివ్వలేదు. ఆయన చేసింది న్యాయమేనా?
– ఖమ్మం

జవాబు: న్యాయమే సార్. రిఫరీ దాన్ని ఎలా చెప్పాడన్నది వేరే సంగతి.

ఆటగాడి సామగ్రి గురించి చెప్పేది నాలుగో నిబంధన. చేతులున్న షర్టు, షార్ట్స్, స్టాకింగ్స్, షిన్ గార్డ్స్, బూట్లు – ఈ అయిదూ తప్పనిసరి. నగలన్నీ నిషేధం. గొలుసు, ఉంగరం, చెవిపోగు, కడియం మాత్రమే కాదు, తోలు బ్యాండు, రబ్బరు బ్యాండు కూడా అందులోకే వస్తాయి. మీద టేపు చుట్టుకుంటానంటే కుదరదు. చాలామంది కోచ్‌లు ఇప్పటికీ జేబులో తెల్ల టేపు చుట్ట పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ అలవాటు మానుకోవాలి. కమ్మలోకి, కడియంలోకి ఇంకొకరి వేలు దూరిందంటే దాని మీద టేపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దీక్షలో ఉన్న పిల్లవాడి విషయంలో రెండు అడ్డంకులున్నాయి. మెడలో పూసల మాల ఎవరి చేతికో చిక్కితే ముందు ప్రమాదం అతనికే. ఇక ఉత్త కాళ్లతో ఆడటం నిబంధనల ప్రకారం అసలే కుదరదు. 41 రోజుల దీక్షను ఆట కోసం విరమించమని ఏ రిఫరీ చెప్పకూడదు. ఆ హక్కు మనకు లేదు. జట్టు జాబితా రాసేముందు మీరే ఆ బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ఈ నెలన్నర ప్రాక్టీసుకు వచ్చి చూస్తూ ఉండమని చెప్పాలి. గ్రౌండ్‌లో అందరి ముందూ ఆపించుకోవడం కన్నా అది మర్యాద.

మరి హిజాబ్‌కు అనుమతి ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. ఉంది. రెండేళ్ల ప్రయోగం తర్వాత 2014 మార్చిలో తలకు కట్టుకునే గుడ్డలన్నిటికీ, సిక్కుల తలపాగాతో సహా, అనుమతిచ్చారు. దానికీ షరతులున్నాయి. నల్లగానైనా, జట్టు షర్టు ప్రధాన రంగులోనైనా ఉండాలి. షర్టుకు కుట్టి ఉండకూడదు. కొనలు వేలాడకూడదు. ఎవరికీ ప్రమాదం కాకూడదు. అంటే ఇక్కడ చూసేది మతాన్ని కాదు, మెడకు చుట్టుకునేదా, గీసుకునేదా అన్నదాన్ని.

షిన్ గార్డ్స్ సంగతి కూడా మీరు అడగకపోయినా చెబుతాను. నోటుపుస్తకం అట్ట చింపి స్టాకింగ్స్‌లో దోపుకొచ్చే పిల్లల్ని నేను ప్రతి టోర్నమెంట్లోనూ చూస్తాను. పైనుంచి చూస్తే నిజమైన గార్డులాగే ఉంటుంది. తట్టి చూస్తే తెలిసిపోతుంది. చెమటకు తడిసి హాఫ్ టైంకల్లా ముద్దయిపోతుంది. నిబంధన అడిగేది ఓ మాదిరి రక్షణ ఇచ్చే పదార్థం. అట్ట కాపాడేది ఏమీ లేదు. స్కూలు తరఫున రెండు జట్లకు సరిపడా జతలు కొని పీఈటీ గదిలో ఉంచండి. క్రికెట్ ప్యాడ్లు కొనే స్కూళ్లు ఇవి కొనలేవా?

ఇంకో మాట. రిఫరీలు కూడా నగలు పెట్టుకోకూడదు. పిల్లల దారాలు తీయించే ముందు మన చేతి దారం, వేలి ఉంగరం తీసి బ్యాగులో వేసుకోవాలి. అది వాళ్లు చూడాలి కూడా.

ప్రశ్న: 1950 ప్రపంచ కప్‌కు బూట్లు లేకే మనవాళ్లు వెళ్లలేదంటారు, నిజమేనా?
– రాజమహేంద్రవరం

జవాబు: కథ బాగుంది కాబట్టి బతికిపోయింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడారు. 1950 బ్రెజిల్‌కు మాత్రం సముద్ర ప్రయాణం, సాధనకు సమయం చాలకపోవడం, ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్‌ను చిన్నదిగా చూడటం లాంటి కారణాలు చెబుతారు. బూట్ల వల్లే అన్న మాటను నాటి కెప్టెన్ శైలేన్ మన్నా కూడా తోసిపుచ్చారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా 10–1తో ఓడించాకే మన జాతీయ సంఘం బూట్లను తప్పనిసరి చేసింది. ఆ తర్వాత నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో మన జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబే.

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగిని, వయసు 34. జిల్లా రిఫరీగా పాసయ్యాను. మొదటి మ్యాచ్‌కు ఏమేం కొనాలి?
– హనుమకొండ

జవాబు: ముందు రెండు విజిళ్లు. ఒకటి చేతిలో, ఒకటి జేబులో. లోపల గోళీ ఉన్న పాత రకం వాన తగిలినా, మట్టి దూరినా ఒక్కోసారి మూగబోతుంది. గోళీ లేని రకం కొనండి. రెండు గడియారాలు. ఒకటి ఆపకుండా నడవాలి, రెండోది ఆట ఆగినప్పుడల్లా ఆపడానికి. కార్డులు రెండూ ఒకే జేబులో పెట్టొద్దు. యెల్లో చొక్కా జేబులో, రెడ్ షార్ట్స్ వెనక జేబులో ఉంచితే కంగారులో ఒకటి తీయబోయి ఇంకోటి తీయరు. చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ (తడిస్తే పెన్ను రాయదు), టాస్‌కు రూపాయి బిళ్ల.

డ్రెస్ నల్లదే మొదట కొనండి. ఏ జట్టైనా నల్ల జెర్సీతో వచ్చే రోజు కోసం తర్వాత పసుపుదో ఇంకోటో కొనుక్కోవచ్చు. ఆటగాళ్లతో కలిసిపోని రంగు కావాలి, అంతే. బూట్ల మీద మాత్రం పిసినారితనం వద్దు. మన మైదానాల్లో గడ్డి తక్కువ, గట్టి మట్టి, గులకరాళ్లు ఎక్కువ. పొడుగు స్టడ్స్ వేసుకుంటే రెండో వారానికి మడమలు నొప్పెడతాయి. పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్నవి తీసుకోండి.

గంట ముందు వెళ్లండి. గోల్ పోస్టులు కదులుతున్నాయా, వలకు చిల్లులున్నాయా, బంతిలో గాలి సరిపోయిందా చూడండి. మ్యాచ్ మొదలయ్యాక వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ గంటలోనే తేలిపోతుంది.

ప్రశ్న: మా వార్డులో ఒక పెద్దమనిషి పేరు మీద టోర్నమెంట్. ఫైనల్లో ఆయన కొడుకే ఆడుతున్నాడు. అతనికి రెండో యెల్లో ఇవ్వబోతుంటే మైకులో, "రిఫరీ గారు కాస్త చూసుకోవాలి" అన్నారు. కార్డు జేబులోనే ఉండిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.
– విశాఖపట్నం

జవాబు: నిద్ర పట్టకపోవడం మంచి లక్షణమే. ఆ మైకు ఒక్క మీకే కాదు, పల్లె మైదానం నుంచి పట్నం మైదానం దాకా అందరికీ వినిపించేదే.

అయినా ఆ కార్డు ఇవ్వాల్సింది. ఆట మళ్లీ మొదలయ్యాక వెనక్కి వెళ్లి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి ఆ క్షణం పోతే పోయినట్టే. వచ్చేసారికి చేయాల్సింది మ్యాచ్‌కు ముందే ఉంది. నిర్వాహకులతో కూర్చుని మూడు మాటలు తేల్చుకోండి. మైకు స్కోరు, ఆటగాళ్ల పేర్లు చెప్పడానికి మాత్రమే. బంతి ఆటలో ఉండగా మైకు మూగ. మీ ఫీజు కిక్ ఆఫ్‌కు ముందే చేతికి రావాలి. ఫీజు ఇంకా రాని రిఫరీకి గొంతు సగమే లేస్తుంది, ఇది మన వృత్తి రహస్యం.

ఆటగాళ్లు గుంపుగా మీద పడితే, కెప్టెన్ ఒక్కడే దగ్గరికి వచ్చి మాట్లాడే పద్ధతి 2024 నుంచి అందుబాటులో ఉంది. టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లకూ చెప్పేయండి. వాదించేవాడికి యెల్లో, బూతు మాటకు రెడ్, చెయ్యి చేసుకున్నవాడికి మాట్లాడేదేమీ లేదు, రెడ్ కార్డు, రాతపూర్వక రిపోర్టు. కోచ్‌లకూ, మేనేజర్లకూ 2019 నుంచి కార్డులు చూపించొచ్చు. కింది స్థాయి టోర్నమెంట్లలో సంఘం అనుమతి ఉంటే, నోరు జారిన ఆటగాణ్ని కాసేపు బయట కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. 90 నిమిషాల మ్యాచ్ అయితే 10 నిమిషాలు. కుర్రాళ్ల మ్యాచ్‌ల్లో ఇది కార్డు కన్నా బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. పది నిమిషాలు తన జట్టు పది మందితో చెమటోడుస్తుంటే గీత బయట కూర్చుని చూడటం వాడికి తగులుతుంది.

ప్రేక్షకులకు మాత్రం కార్డు లేదు. మీ మీదకొస్తే ఆట ఆపండి, నిర్వాహకుల్ని పిలవండి. సర్దుకోకపోతే మ్యాచ్ రద్దు చేసే అధికారం మీకుంది. రిపోర్టు ఆ సాయంత్రమే రాయండి. తెల్లారితే పెద్దమనుషులు ఇంటికొస్తారు.

చిన్న ప్రశ్నలు

*బంతి రిఫరీకి తగిలి నేరుగా గోల్‌లోకి పోతే?* – గోల్ లేదు. 2019 నుంచి డ్రాప్ బాల్.

*బూటు ఊడిపోయిన కాలితో గోల్ కొడితే?* – పొరపాటున ఊడితే, వెంటనే కొట్టిన గోల్ చెల్లుతుంది. బంతి బయటికి పోయేలోగా మాత్రం వేసుకోవాలి.

*గోలీ బంతి పట్టుకుని ఎంతసేపు ఉండొచ్చు?* – 8 సెకన్లు. దాటితే 2025–26 సీజన్ నుంచి అవతలి జట్టుకు కార్నర్. చివరి అయిదు సెకన్లను రిఫరీ చెయ్యెత్తి లెక్కపెట్టి చూపించాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. స్కూల్లో ఫుట్‌బాల్ ఆడింది. ఇప్పుడు రిఫరీ అవుతానంటోంది. మగపిల్లల మధ్య నిలబడి విజిల్ వేస్తే ఎవరైనా వింటారా అని మా భయం.
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: వింటారమ్మా. 2022 డిసెంబర్ 1న ఖతర్‌లో కోస్టారికా – జర్మనీ మ్యాచ్‌కు ఫ్రాన్స్ రిఫరీ స్టెఫానీ ఫ్రాపార్ విజిల్ వేసింది. పురుషుల ప్రపంచ కప్‌లో ఒక మహిళ ప్రధాన రిఫరీగా నిలబడటం అదే మొదలు. మనకు దగ్గర్లో, తమిళనాడు దిండిగల్ అమ్మాయి రూపా దేవి క్రీడాకారిణిగా మొదలై ఫిఫా రిఫరీల జాబితాకెక్కింది.

పరుగు పరీక్షలో అమ్మాయిలకు వేరే సమయాలు. అంతర్జాతీయ స్థాయిలో 40 మీటర్లకు 6.4 సెకన్లు, తర్వాత 75 మీటర్లకు 17 సెకన్లు, 25 మీటర్ల నడకకు 20. మగవాళ్ల సమయాల్లోనే పూర్తి చేస్తే మగవాళ్ల మ్యాచ్‌లకూ వేస్తారు.

మీరు భయపడాల్సింది విజిల్ గురించి కాదు. మన మైదానాల్లో బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి చాలాచోట్ల ఉండవు. డ్యూటీ ఇచ్చేవాళ్లను అది ముందే అడగండి. అడగటానికి సిగ్గుపడొద్దు. మొదటి ఏడాది ఆమెతో మీరో, వాళ్ల నాన్నగారో వెళ్లండి. గట్టు మీద కూర్చోండి, మధ్యలో మాట్లాడకండి. అండర్–12, అండర్–14 మ్యాచ్‌లతో మొదలుపెట్టించండి. కొన్నాళ్లు గీత మీద జెండా పట్టుకుని అసిస్టెంట్‌గా నిలబడితే ఆఫ్‌సైడ్ మీద కన్ను కుదురుతుంది. చెన్నై రిఫరీ శంకర్ 2002 ప్రపంచ కప్‌కు వెళ్లింది ఆ జెండాతోనే.

ఉత్తరాలు రాసేవారికి ఒక మనవి. జట్ల పేర్లు, రిఫరీ పేరు రాయకండి, అవి ఇక్కడ అచ్చు వేయం. బంతి ఎక్కడుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, రిఫరీ ఎంత దూరంలో ఉన్నాడు – ఈ మూడూ రాయండి. ఈ మూడూ లేని ఉత్తరాలకు జవాబు చెప్పడం నావల్ల కాదు.