సర్వరోగ నివారిణి

పైన ఉన్న మాటను చదవండి. పెద్ద మాటే. విడదీస్తే సులువు.

సర్వ అంటే అన్ని. రోగం అంటే జబ్బు. నివారిణి అంటే పోగొట్టేది. అన్ని జబ్బులనూ పోగొట్టేది అని అర్థం.

మన ఊళ్లలో వేపచెట్టును ఇట్లా అంటారు. వేపపుల్లతో పళ్లు తోముకుంటాం. అమ్మవారు పోస్తే వేపాకు పరిచి పడుకోబెడతాం. ఆ చెట్టు మీద ప్రేమకొద్దీ అన్న మాట అది. ఒక్కోసారి వెటకారంగా కూడా అంటారు. "ఏ నొప్పని చెప్పినా అదే బిళ్ల ఇస్తాడు. అదేమన్నా సర్వరోగ నివారిణా?"

ఈ మాట సీసాల మీద కూడా కనపడుతుంది. అక్కడే జాగ్రత్త కావాలి. "కీళ్ల నొప్పులు, షుగరు, పక్షవాతం అన్నీ పోతాయి" అని ఒకే సీసా మీద రాస్తారు. షుగరు, పక్షవాతం, క్యాన్సరు లాంటి జబ్బులు నయం చేస్తామని మందుకు ప్రకటన చేయకూడదు. 1954 నుంచి అందుకు చట్టం ఉంది.

కీళ్ల నొప్పుల సంగతే చూద్దాం. కొందరికి వయసువల్ల వస్తాయి. మన వైపు కొందరికి బోరు నీళ్లలోని ఫ్లోరైడువల్ల వస్తాయి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఈ జబ్బు గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్లలోనూ ఈ బాధ ఉంది. ముందు పిల్లల పళ్ల మీద గార మరకలు వస్తాయి. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి. నడుము వంగుతుంది. వంగిన నడుమును నిలబెట్టే టానిక్కు లేదు. తాగే నీళ్లు మార్చాలి.

"మేం కాచి తాగుతున్నాం గదా!" అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి. వాంతులు, విరేచనాలు రాకుండా అది మంచిదే. ఫ్లోరైడు మాత్రం పోదు. ఉప్పు నీళ్లు కాస్తే ఉప్పు పోతుందా? ఇదీ అంతే. బ్లీచింగు పొడి వేసినా పోదు. వాన నీళ్లలో ఫ్లోరైడు దాదాపుగా ఉండదు.

తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మన బోరులో ఎంత ఉందో చూస్తే తెలియదు, రుచిలో తెలియదు. పరీక్ష చేయించాలి.

రాయండి:

1. మీ ఇంట్లో ఉన్న మందు సీసా తీయండి. గడువు తేదీ వెతికి రాయండి.

2. ఈ అర్జీని మీ ఊరి పేరుతో రాయండి. గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు గారికి ఇవ్వండి.

"అయ్యా, మేము తాగే బోరు నీళ్లను పరీక్ష చేయించండి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందో మాకు రాసి ఇవ్వండి."

కింద అందరూ సంతకాలు చేయండి.