నాలుగో వారం నొప్పి

సమస్య

ఉత్తరం రాసిన కుర్రాడికి 24 ఏళ్లు. ఉత్తర తెలంగాణలో ఓ పల్లె. సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఈవెంట్స్‌కు, అంటే దేహదారుఢ్య పరీక్షలకు తయారవుతున్నాడు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలన్నారు. అప్పుడు ఇతని బండి ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయింది. ఈసారి గ్రౌండ్‌లో మాత్రం మాట పడకూడదని, ఆరు నిమిషాలలోపే రావాలని పంతం పట్టాడు. పొద్దున అయిదింటికి తారురోడ్డు మీద ఆరు కిలోమీటర్లు, సాయంత్రం హైస్కూలు గ్రౌండ్‌లో స్పీడు రౌండ్లు. ఆదివారానికీ సెలవు లేదు. రాత్రి పన్నెండు దాకా రీడింగ్ రూమ్‌లో చదువు, నాలుగున్నరకు అలారం. ఒళ్లు తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు అరటిపండ్లతో సరిపెడుతున్నాడు.

మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి. గ్రౌండ్‌లో అందరూ దాన్ని ‘షిన్ పెయిన్’ అంటారు. దసరాకు మొదటిసారి వచ్చింది. పది రోజులు ఆగితే పోయింది. కార్తీక మాసం చివర్లో మళ్లీ. పది రోజులు ఆపి మొదలుపెడితే సంక్రాంతి ముందు మూడోసారి. ఇప్పుడు సీనియర్ ఒకడు చెప్పాడని నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తుతున్నాడు.

“సార్, ఆపితే స్టామినా పోతుంది. ఆపకపోతే కాలు పోయేలా ఉంది” అన్నది అతని మొర. చివర్లో ఎనిమిది వేల బూట్ల గురించి ఒక ప్రశ్న.

సలహా

తేదీలన్నీ అతనే రాశాడు కానీ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు లేదు. మూడుసార్లూ జోరు పెంచిన నాలుగో వారం దగ్గరే నొప్పి వచ్చింది. ఇది కాకతాళీయం కాదు.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడికి రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, టైమింగ్ తగ్గుతుంది, ఉత్సాహం వస్తుంది. ఎముక లెక్క వేరు. కొత్త బరువు పడినప్పుడు అది తనను తాను తిరగకట్టుకుంటుంది. ముందు పాత భాగాన్ని తవ్వే కణాలు దిగి సుమారు మూడు వారాల్లో పని ముగిస్తాయి. పూడ్చే కణాలకు మాత్రం దాదాపు మూడు నెలలు పడుతుంది. పైపులైను కోసం వీధి తవ్వి వెళ్లిపోయిన కాంట్రాక్టరు సంగతి ప్రతి ఊరికీ తెలుసు కదా, అచ్చం అదే. తవ్వకం అయి, పూడిక ఇంకా గట్టిపడని నాలుగో వారంలోనే ఇతను స్పీడు రౌండ్లు పెంచుతున్నాడు. పది రోజులకు పోయింది నొప్పి మాత్రమే, గుంత అలాగే ఉంది.

ఆ గుంత మీదే పరుగెత్తితే ఎముక చిట్లే ముప్పుంది. ఈ జబ్బును మొదట గుర్తించినది ఆటగాళ్లలో కాదు, ఇతను కోరుకునేలాంటి యూనిఫాం ఉద్యోగాల్లో ఉన్నవారిలోనే. కవాతు చేసే సైనికుల పాదాల నొప్పి, వాపుల గురించి ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లో రాశాడు. ఎముక సన్నగా చిట్లడమే దానికి కారణమని ఎక్స్‌రేలు వచ్చాక తేలింది.

మన పి.వి.సింధునే తీసుకుంటే, 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ దగ్గర నొప్పితోనే స్వర్ణం గెలిచింది. పరీక్షల్లో అదీ అలాంటి పగులే, స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో టోక్యోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఉన్నా తప్పుకుంది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో, మలేసియా ఓపెన్‌కు. అక్కడ తొలి రౌండ్‌లోనే కరోలినా మారిన్ చేతిలో ఓడింది. ఫిజియోలు, ట్రైనర్లు వెంట ఉన్న మనిషికే అయిదు నెలలు పట్టింది, వచ్చాక కూడా ఆట వెంటనే కుదరలేదు. పది రోజుల విశ్రాంతి మీద ఇతను పెట్టుకున్న ఆశ ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందుగా ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు: బొటనవేలితో ఎముక వెంట పైనుంచి కిందికి నొక్కుతూ రావాలి. జానెడు మేర అంతటా నొప్పి ఉంటే ఎముక అంచున వాపు కావచ్చు. రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నా సలుపు తగ్గకపోతే పగులేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. కాబట్టి ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాటకు మురిసిపోనక్కర్లేదు, ఎమ్మారై కావాలా అని అడగొచ్చు. ఇక పరుగుకు ముందు మాత్ర మానాలి. అది కాలిని బాగుచేయదు, కాలు చెప్పే మాట వినపడకుండా చేస్తుంది.

స్టామినా భయానికి మందు ఊళ్లోనే ఉంది. డాక్టరు సరేనంటే సైకిలు తొక్కొచ్చు, ఈత వస్తే బావిలో ఈదొచ్చు. గుండెకు, ఊపిరికి పని దొరుకుతుంది, ఎముక మీద దెబ్బ పడదు. అరగంట నడక వరసగా కొన్ని రోజులు నొప్పి లేకుండా సాగాక, ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టాలి. అదీ రోజు విడిచి రోజు, తారురోడ్డు మీద కాకుండా గ్రౌండ్‌లో. దూరం పెంచిన వారం స్పీడు పెంచకూడదు. వారానికి పదిశాతం పెంచమనే సూత్రం గ్రౌండ్లలో వేదంలా చెలామణీ అవుతోంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి మీద దాన్ని పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. ఆ సూత్రంతో 13 వారాలు సాధన చేసినవారిలోనూ, మామూలుగా 8 వారాలు చేసినవారిలోనూ ఇంచుమించు అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. కాబట్టి శాతం కంటే మర్నాడు పొద్దున కాలు ఎలా ఉందో నమ్మడం మేలు.

నిజానికి ఈ ఉత్తరంలో కాలికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఆ నాలుగున్నర గంటల నిద్ర, మానేసిన రాత్రి భోజనం. పూడిక పని జరగాలంటే మట్టి ఉండాలి, కూలీలకు వేళ ఉండాలి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు రాత్రి కూడా తినాలి. సాధన చేసేకొద్దీ టైమింగ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, ఊరికే చిరాకు వస్తుంటే, అలసినా నిద్ర పట్టకపోతే ఒళ్లు చాలని చెబుతోందన్నమాట. అదే గ్రౌండ్‌లో పరుగెత్తే అమ్మాయిలకు ఇంకో గుర్తు ఉంటుంది. తిండి తగ్గించి సాధన పెంచాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ కాదు, ఎముకలకు ముప్పు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

2022 నోటిఫికేషన్‌లో అతను కోరుకుంటున్న సివిల్ పోస్టుకు పరుగులో అర్హత సాధిస్తే సరిపోయేది, మెరిట్ రాత పరీక్షలో తేలేది. ఆరు నిమిషాలలోపు రావాలన్న పంతం ఎవరికోసమో అతనే చెప్పాలి.

బూట్లంటారా, పాదానికి హాయిగా ఉండి, అడుగు అరగని మామూలు జత చాలు. ఆ ఎనిమిది వేలలో ముందు డాక్టరు ఫీజు, స్కానింగ్ ఖర్చు పక్కన పెట్టి, మిగిలితే అప్పుడు షాపుకు వెళ్లొచ్చు.