ఇంటి సంగీతానికి డిజిటల్ మూలం: ఎంపికలో కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం

ఇంట్లో మంచి హై-ఫై వ్యవస్థను అమర్చుకోదలచిన వారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న, సంగీతాన్ని ఎక్కడి నుంచి అందించాలన్నది. సీడీ ప్లేయరా, కంప్యూటరులో భద్రపరచిన ఫైళ్ళా, ఇంటర్నెట్ ద్వారా అందే సంగీత సేవా? ఖతార్‌లోని తెలుగువారికి ఈ ప్రశ్నలో మరొక చిక్కు కూడా ఉన్నది. స్వదేశం నుంచి తెచ్చుకున్న కేసెట్లు, సీడీలు చాలా ఇళ్ళ అలమరలలో ఉన్నాయి. వాటిలో కొన్ని మరెక్కడా దొరకవు. అందువల్ల ఈ ఎంపికలో వినికిడితో పాటు మన్నికను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ధ్వని అంకెలుగా మారే విధం

ధ్వని గాలిలో పీడనపు హెచ్చుతగ్గులుగా ప్రయాణిస్తుంది. ఆ పీడనాన్ని సెకనుకు అనేక వేల సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసుకోవడమే డిజిటల్ పద్ధతి. ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ సార్లు కొలిస్తే, దానిని లోపం లేకుండా తిరిగి నిర్మించవచ్చునని నైక్విస్ట్ (1928), షానన్ (1949) చేసిన కృషి వల్ల తేలింది. కొలతకు, కొలతకు మధ్య సంగీతం జారిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

మానవ శ్రవణ పరిధి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్. వయస్సుతో పాటు పై హద్దు తగ్గుతూ వస్తుంది. 1982లో విపణిలోకి వచ్చిన సీడీ, సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, అనగా 65,536 మెట్లు. వీటివల్ల లభించే వ్యాప్తి దాదాపు 96 డెసిబెళ్ళు. ఏసీ నడుస్తున్న గదిలో 30 డెసిబెళ్ళకు తక్కువ కాని రొద సహజంగానే ఉంటుంది. దానిపై మరో 96 డెసిబెళ్ళు చేర్చితే చెవికి బాధ కలిగించే స్థాయి వస్తుంది. ఇంటి అవసరాలకు ఇంతకు మించిన వ్యాప్తితో పని లేదు.

సీడీపై చిన్న గీతలు పడినా పాట చెడకపోవడానికి కారణం, 1960లో రీడ్, సాలమన్ అనే గణితజ్ఞులు రూపొందించిన దోషసవరణ పద్ధతి. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం చెడినా, మిగిలిన అంకెల నుంచి దానిని పూర్తిగా రాబట్టవచ్చును. కనుక సరిగా చదవగలిగిన యంత్రం చవకదైనా, ఖరీదైనదైనా అందించే అంకెలు ఒక్కటే.

పెద్ద అంకెలు అవసరమా?

సెకనుకు 96,000 లేక 1,92,000 కొలతలు, 24 బిట్లు గల ఫైళ్ళను అధిక ధరకు అమ్మడం చూస్తున్నాము. 2007లో మేయర్, మోరన్ అనే పరిశోధకులు అటువంటి సంగీతాన్ని నేరుగాను, మధ్యలో సీడీ ప్రమాణానికి కుదించియు శ్రోతలకు వినిపించారు. 554 ప్రయత్నాలలో సరియైన సమాధానాలు 276. నాణెం ఎగురవేసి చెప్పినా ఇంచుమించు ఇదే ఫలితం వస్తుంది. అనేక ప్రయోగాలను కలిపి 2016లో రీస్ చేసిన విశ్లేషణలో ఈ సంఖ్య 52 శాతం దాటింది. తేడా ఉన్నా అది అత్యల్పమని దీని అర్థం.

మన పాత పాటల విషయంలో ఆ పరిమితి మూలంలోనే ఉన్నది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన పాడినదంతా డిజిటల్ యుగానికి ముందుదే. ‘మాయాబజార్’ (1957) నాటి ఫిల్ముపై ధ్వనిమార్గంలో 8,000 హెర్ట్జ్‌కు పైనున్న అంశాలు చాలావరకు క్షీణించేవి. అటువంటి పాటను ఎంత పెద్ద ఫైలులో నింపినా లేని స్వరం రాదు. అసలు ముద్రణ ఎంత శుభ్రంగా ఉన్నది, దానిని ఎంత శ్రద్ధగా డిజిటల్‌లోకి మార్చారు అన్నవే నాణ్యతను నిర్ణయిస్తాయి.

అలమరలో జరిగే రసాయన చర్యలు

సీడీ 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ బిళ్ళ. దానిపై అతి పలుచని అల్యూమినియం పొర, ఆపై లక్క వంటి రక్షణపూత, పేరు ముద్ర ఉంటాయి. సమాచారం పేరున్న వైపుకే చేరువగా ఉంటుంది గనుక, అటువైపు పడిన గీతయే ఎక్కువ హానికరం. రక్షణపూతలో లోపముంటే తేమ, ఆక్సిజన్ లోపలకు చేరి లోహం ఆక్సైడుగా మారుతుంది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో 1988-93 మధ్య తయారైన కొన్ని డిస్కులు కంచురంగుకు తిరిగి చెడిపోయాయి. వాటిలో వాడిన వెండిపై, కాగితపు పుస్తకంలోని గంధకం చర్య జరపడమే అందుకు కారణం.

ఇంట్లో వ్రాసుకునే సీడీ-ఆర్ మరింత బలహీనమైనది. అందులో సమాచారాన్ని మోసేది సేంద్రియ రంజకం. సయనిన్ రంజకాలు వెలుతురుకు త్వరగా చెడతాయి. థాలోసయనిన్లు కొంత మేలు. కేసెట్ టేపులో అయస్కాంత రేణువులను పట్టి ఉంచే పాలీయురెథేన్ బంధకం తేమవల్ల జలవిశ్లేషణకు లోనవుతుంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యావేగం సుమారు రెట్టింపవుతుందని విద్యార్థి దశలో నేర్చుకున్న స్థూలసూత్రం. దోహా వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చును. శీతల గదిలో 20 డిగ్రీల వద్ద ఉన్న డిస్కుతో పోలిస్తే, కారులోని డిస్కు వయస్సు 16 రెట్లు వేగంగా తరుగుతుందని స్థూలంగా ఊహించవచ్చును.

ఏది ఎంచుకోవాలి?

అంకెలకు ఉన్న గొప్ప గుణం, నకలు తీసినా అసలుతో సమానంగా ఉండటం. కనుక ఉన్న సీడీలను కంప్యూటరులోకి ఎక్కించి ‘ఫ్లాక్’ రూపంలో భద్రపరచడం అన్నిటికంటె మంచి మార్గం. 2001 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి ఒక్క బిట్టునైనా పోగొట్టకుండా, ఫైలును దాదాపు సగానికి కుదిస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో సీడీ సమాచారంలో పదకొండవ వంతు మాత్రమే ఉంటుంది. పోయినది తిరిగి రాదు. చిన్న కంప్యూటరుకు ఒక సామాన్యమైన బాహ్య డాక్, అనగా అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే పరికరం, తగిలిస్తే చాలును. బ్లూటూత్ సాధారణంగా సంగీతాన్ని మళ్ళీ కుదిస్తుంది గనుక తీగ మేలు.

ఇంటర్నెట్ సేవలు కొత్త సంగీతాన్ని పరిచయం చేసుకొనేందుకు ఉపయోగపడతాయి. కాని హక్కుల ఒప్పందం ముగిస్తే పాట మాయం కావచ్చును. ఊరి హరికథ కేసెట్టు, తాతగారి పద్యపఠనం ఏ సేవలోనూ లేవు. అందుచేత మొదట కేసెట్లను, తరువాత సీడీ-ఆర్‌లను, చివర ముద్రిత సీడీలను ఎక్కించుకోవాలి. హార్డ్ డిస్కు కూడా చెడేదే గనుక రెండు నకళ్ళు తీసి, ఒకటి స్వదేశంలోని బంధువుల ఇంట ఉంచడం క్షేమం.

మిగిలిన డబ్బును స్పీకర్లపై, గదిపై వెచ్చించవచ్చును. ఐన్ ఖాలిద్ విల్లాలలో పలకల నేల, ఖాళీ గోడలు ధ్వనిని పదేపదే పరావర్తనం చెందించి పాటను అస్పష్టం చేస్తాయి. ఒక మందపాటి తివాచీ, బరువైన తెరలు కలిగించే మార్పు, ఫైలులోని అంకెలను పెంచినప్పటి మార్పు కంటె స్పష్టంగా వినిపిస్తుంది. అయితే తివాచీ ఎప్పుడైనా కొనవచ్చును. కేసెట్ల నకళ్ళు తీసే పనిని మాత్రం వచ్చే వేసవికి ముందే మొదలుపెట్టవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.