నీటి అడుగున పని: డైవింగ్ కార్డు ఒక్కటే చాలదు

విశాఖపట్నం రుషికొండ తీరంలో స్కూబా డైవింగ్ నేర్పే శిక్షణ సంస్థలున్నాయి. ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. అవి అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. విశాఖ దగ్గర ఉన్నవి రాతి గుట్టలు. వాటిని అంటిపెట్టుకుని మెత్తటి పగడాలు, సీ అర్చిన్లు, లయన్ ఫిష్, రాళ్ల సందుల్లో మోరే ఈల్స్ బతుకుతాయి. వీటిని గుర్తించి, లెక్కపెట్టి, నమోదు చేసేవారి అవసరం ఉంది. పల్నాడులోని దాచేపల్లి లాంటి ఊరి విద్యార్థికీ అవకాశం అక్కడే.

డైవింగ్‌లో తొలి మెట్టు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్. డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) 10 ఏళ్లు నిండినవారిని జూనియర్ కోర్సులో, 15 నిండినవారిని పూర్తిస్థాయి కోర్సులో చేర్చుకుంటుంది. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీటిపై తేలాలి. నాగార్జునసాగర్ కాలువలో ఈత నేర్చినవారికి ఇది కష్టం కాదు. అసలు కష్టం చెవులతో, ఊపిరితో. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఉబ్బసం, చెవి, గుండె జబ్బులున్నవారు ముందుగా వైద్యుడి అనుమతి తీసుకోవాలి. ఓపెన్ వాటర్ డైవర్ పరిమితి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవారికి 30. ఆ తర్వాతి మెట్లు రెస్క్యూ కోర్సు, 18 ఏళ్లు నిండాక డైవ్‌మాస్టర్. పర్యాటకులను నీళ్లలోకి తీసుకెళ్లే ఉద్యోగం డైవ్‌మాస్టర్‌తోనే మొదలవుతుంది. అయితే అది సీజన్ మీద ఆధారపడిన కొలువు. తుఫాన్ల నెలల్లో, నీరు మసకబారిన రోజుల్లో పని ఉండదు.

పరిశోధన వైపు వెళ్లాలంటే డిగ్రీ తప్పదు. ఇంటర్ బైపీసీ తర్వాత ఏపీ ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో చేరవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. జువాలజీతో డిగ్రీ చేసినవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవవనరుల విభాగం ఉంది. విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, జాతీయ సముద్రశాస్త్ర సంస్థల ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. ఇలాంటి సంస్థల ప్రాజెక్టు పోస్టులు సాధారణంగా తాత్కాలికం. జీతం కూడా ఊరించేంత ఉండదు. ప్రకటనలను సంస్థల వెబ్‌సైట్లలో ఎప్పటికప్పుడు చూస్తుండాలి.

నీటి అడుగున జీవులను లెక్కపెట్టే సర్వేలో చేసేది ఇది: అడుగున టేపు పరచి, దాని వెంట ఈదుతూ ఇరువైపులా నిర్ణీత వెడల్పులో కనిపించిన చేపలను జాతుల వారీగా నీటిలో రాయగల పలక మీద రాసుకోవాలి. జాతి పేరు తెలియనివాడు ఎంత లోతుకు దిగినా ఆ లెక్క పనికిరాదు. రాళ్లకు చిక్కుకుని తెగిపోయిన వలలను తీయడం మరో పని. ఆ వల డైవర్‌నే చుట్టేయగలదు కాబట్టి శిక్షణ పొందిన బృందమే, కత్తులు దగ్గర ఉంచుకుని, దిగాలి. చట్టం కూడా తెలిసుండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలకు 2001 నుంచి రక్షణ ఉంది; జ్ఞాపకానికని పగడపు ముక్క తెచ్చుకోవడం నేరం.

రేవులు, చమురు వేదికల దగ్గర నీటి అడుగున వెల్డింగ్, తనిఖీ చేసే కమర్షియల్ డైవింగ్ పూర్తిగా వేరే వృత్తి. దానికి వేరే శిక్షణ కావాలి. వినోద డైవింగ్ కార్డు అక్కడ చెల్లదు.